తలుపుకి అటూ ఇటూ

ఉదయం కాఫీ దగ్గర అతను ఒక్క తుమ్ము తుమ్మాడు.

ఆమె చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. వంటింట్లోంచి అత్తగారు పరుగెత్తుకొచ్చింది. రెండో తుమ్ము వచ్చేలోపే అతన్ని పడగ్గదిలోకి పంపి, బయట గడియ పెట్టేశారు.

"జలుబు కాదే తల్లీ! ఉత్త తుమ్ము!" లోపల్నుంచి అతని గోల.

"ఉత్తదో గట్టిదో పరీక్షలో తేలుతుంది. బుద్ధిగా కూర్చో," అంది ఆమె.

వేరే ఇంట్లో అయితే తుమ్ముకి ఇంత రభస ఉండదు. కానీ ఈ ఇంట్లోకి రక్త క్యాన్సర్ వచ్చింది. పెళ్లి ఫొటోలు చేతికి రాకముందే బయటపడింది. మందులు చేతులెత్తేశాక కణాల చికిత్స చేశారు. ఒంట్లోని రక్షక కణాల్నే బయటికి తీసి, క్యాన్సర్‌ని గుర్తుపట్టేలా మార్చి, మళ్లీ ఎక్కించారు. అవి క్యాన్సర్‌ని ఊడ్చిపారేశాయి. ఆ ఊపులో కొన్ని మంచి కణాల్నీ వదల్లేదు.

"హమ్మయ్య అనుకోకండి," అంది డాక్టరమ్మ ఇంటికి పంపేటప్పుడు. "క్యాన్సర్‌ని గెలిచిన ఒళ్లు ఇప్పుడు పడిశానికి ఓడిపోవచ్చు. కొన్ని నెలలు కళ్లల్లో వత్తులేసుకుని చూసుకోండి. జ్వరం తగిలితే ఆలోచించకుండా వచ్చేయండి."

అప్పట్నుంచీ ఇంట్లో పూలకుండీలు లేవు, చుట్టాలు లేరు. తలుపుల పిడులు కూడా రోజూ స్నానం చేస్తున్నాయి.

ల్యాబు మనిషి వచ్చి, అతని ముక్కులో పుల్ల పెట్టి నమూనా తీసుకెళ్లాడు. ఫలితం సాయంత్రానికట.

ఆమెకు కాలు నిలవడం లేదు. చేతులకు తొడుగులేసుకుని, తలకు చుట్టిన చున్నీ బిగించి, తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది. మళ్లీ తలుపు దగ్గరికి వచ్చింది.

"జ్వరం చూసుకున్నావా?"

"తొంభై ఎనిమిది. జైలరమ్మ గారూ, ఖైదీకి టీ దొరుకుతుందా?"

"నిన్న రాత్రి మేం పడుకున్నాక అటకెక్కావటగా? అత్తయ్య నిచ్చెన చూసింది. అక్కడేం పని నీకు?"

"ముందు టీ సంగతి చూడు."

"దుమ్మూ బూజూ ఈ ఇంట్లో ఎంత ప్రమాదమో తెలీదా?" ఆమె తలుపు మీద చరిచింది. "మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కాల్సొస్తే..."

"దిగగానే స్నానం చేశా. బట్టలూ ఉతికేశా."

"అసలెందుకెక్కావ్?"

"చెప్పను."

ఆమె టీ కప్పు అందుకోబోతే అత్తగారు లాక్కుంది. "నువ్వు కదలకమ్మా, నేను పెడతా."

"అమ్మా, గిన్నెలో వేడినీళ్లు కూడా," అన్నాడు లోపల్నుంచి. "కొంచెం సబ్బు కూడా."

"ఆవిరి పట్టడానికి సబ్బెందుకురా?"

"వాసనకి."

"తుమ్ముతోపాటు బుర్ర కూడా ఊడిపడినట్టుంది వీడికి," అని గొణుక్కుంటూనే ఇచ్చి, చేతులు కడుక్కొచ్చి, కోడలి చంకలో థర్మామీటర్ పెట్టింది అత్తగారు. అందరి జ్వరాలూ చూడటమే ఈ ఇంట్లో కాలక్షేపం.

మధ్యాహ్నం ఇద్దరూ ఒకే తలుపుకి చెరోవైపు వీపు ఆనించి కూర్చున్నారు. అతను టక్కుమనిపిస్తే ఆమె టక్కుటక్కుమనిపించింది. అతను మూడుసార్లు కొట్టాడు. ఆమె పకపకా నవ్వింది. ఇంతలో లోపల ఇంకో తుమ్ము. ఆమె నవ్వు ఆపేసింది. లేచి మళ్లీ ఈ గోడ నుంచి ఆ గోడకి నడక.

పొద్దు వాలుతుండగా ఫోన్‌లో ఫలితం వచ్చింది. చూసే ధైర్యం లేక ఆమె అత్తగారి చేతిలో పెట్టింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ చదివింది.

"ఏ వైరస్సూ లేదటే అమ్మాయ్! అటక మీది దుమ్మే ఇంత పని చేసింది!"

ఆమె ఒక్క అంగలో వెళ్లి గడియ తీసి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది.

"ఇప్పుడైనా చెప్పు. ఏం కొంప మునిగిందని ఎక్కావ్?"

మాస్కు పెట్టుకుని బయటికొచ్చిన అతను, "జుట్టు మొలుస్తోందిగా, ఇక దీంతో పని పడుతుంది," అంటూ, క్యాన్సర్ మందులకి ఆమె జుట్టంతా రాలిన రోజు ఆమే ఏడుస్తూ అటక మీదికి విసిరేసిన దువ్వెనని, సబ్బునీళ్లతో కడిగి, ఆమె చేతిలో పెట్టాడు.