హాకీ పిల్లల అప్పగింతలు

హాకీ జట్ల మధ్య పిల్లల మార్పిడులన్నీ ఇప్పుడు యంత్రాలే తేలుస్తున్నాయి. కోచ్‌లకు మిగిలింది, వెళ్లే పిల్లను ఎలా చూసుకోవాలో అవతలి కోచ్‌కు చెప్పే అప్పగింతల ఫోను ఒక్కటే.

విజయనగరం కోచ్ నూకరత్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ నిజామాబాద్ కోచ్ యాదమ్మకు ఫోన్ చేసింది. సరైన సెంటర్ ఫార్వర్డ్ లేక నూకరత్నం జట్టు ఓడిపోతూనే ఉంది. యాదమ్మకేమో మంచి వింగర్ లేదు. నూకరత్నం తన వింగర్ పైడితల్లిని ఇచ్చి, యాదమ్మ దగ్గరి సెంటర్ ఫార్వర్డ్ నవనీతను తెచ్చుకుంటే ఇద్దరికీ లాభమేనని యంత్రాలు తేల్చేశాయి.

“ఓడిపోతే మా పైడితల్లిని పలకరించకండమ్మా. కాసేపటికి తనే వచ్చి పక్కన కూర్చుంటాది.”

“మా నవనీత గెలిచినా ఏడుస్తది అక్కా. తల నిమరాలె.”

నూకరత్నం చిక్కుడు గింజల గిన్నె పక్కన పెట్టింది.

“అప్పగింతలు పూర్తయ్యాయా?” గోడ మీది యంత్రం అడిగింది.

“అప్పుడేనా?” నూకరత్నం కళ్లు తుడుచుకుంది. “చెప్పాల్సింది చాలా ఉంది. వచ్చే ఏడాది అడుగు.”

“ఒక్క ఏడాదిల ఎట్లయితది అక్కా?” అంది ఫోన్‌లో యాదమ్మ.