తుంగలో ఉచ్చులు

“జూలీ, కదలకే! వస్తున్నా!”

మోకాలి లోతు బురదలో, తుంగను తోసుకుంటూ కీర్తిప్రియ కుక్క వైపు నడుస్తోంది. జూలీ కాలికి వైరు ఉచ్చు బిగుసుకుంది. గింజుకునేకొద్దీ నెత్తురు కారుతోంది.

మామగారు వెంకటపతిరాజు గట్టు మీదే నిలబడ్డారు.

“చూశారా మావయ్యగారండీ! ఇక్కడ మన చేపల చెరువు తీసేసి మళ్లీ చిత్తడి నేలగా వదిలాక ఇన్నాళ్లకి పక్షులొచ్చాయి. ఏ దొంగో వచ్చి వాటికి ఉచ్చులు పెట్టాడు.”

ఆమె కుడివైపు అడుగెయ్యబోయింది.

“అటొద్దమ్మా! అక్కడ ఇంకోటుంది.”

కీర్తిప్రియ ఉన్నచోటే ఆగిపోయింది.

“మీకెలా తెలుసండి?”

“పక్కనున్న మన చెరువులో చేపపిల్లల్ని కొంగలు బతకనివ్వట్లేదు. నీకు చెబితే ఒప్పుకోవని...”

“ఇంకా ఎన్నున్నాయండి?”

“గుర్తు లేదమ్మా.”

ముందుకు వెళ్లడానికి లేదు. వచ్చిన దారిని తుంగ కమ్మేసింది. కుక్క మూలుగు వింటూ ఆమె కదలకుండా నిలబడింది.

వెంకటపతిరాజు పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగారు. కర్రతో బురదను తడుముకుంటూ, దొరికిన ఉచ్చునల్లా పీకేస్తూ ఆమెను దాటి ముందుకు నడిచారు. ఆయన అడుగుల్లోనే అడుగులేస్తూ కీర్తిప్రియ వెళ్లింది.

ఆయన్ని చూడగానే జూలీ తోకాడించింది.

వైరు కత్తిరించడానికి ఆమె తెచ్చిన కటింగ్ ప్లయర్ అందుకుని ఆయన వంగారు.

“దాని మొహం అటు తిప్పి పట్టుకోమ్మా.”

“మిమ్మల్ని కరవదండి.”

“తెలుసమ్మా. అదలా చూస్తుంటే నా చెయ్యి ఆడట్లేదు.”