కల్లంలో జామపండు వాసన

కొనే ముందు వడ్ల తేమ చూడాలని, చీకట్లో కుప్ప మీద కప్పిన పరదా కింద మోచేతిదాకా చెయ్యి దూర్చబోయాడు ఎల్లారెడ్డి ఊరి వ్యాపారి బాలమల్లు. ఒక్క చెట్టూ లేని ఆ కల్లంలో జామపండు వాసన గుప్పుమంది. చెయ్యి దానంతటదే ఆగిపోయింది. లోపల ఏదో బుస్సుమంది.

“ఏమైంది బాపూ?” టార్చి పట్టుకున్న కూతురు రమ్య అడిగింది.

“జామ వాసనొచ్చింది బిడ్డా. నేను పుట్టకముందు మీ తాతను పాము కరిచింది జామతోటలనే.”

బయాలజీ చదివిన రమ్య గొంతు తగ్గించింది. “జన్యువులు చుట్టుకునే హిస్టోన్లనే ప్రోటీన్లు తండ్రి నుంచి బిడ్డకు వచ్చేలోపు శానమటుకు కరిగిపోతయి. కరగనియి పాత భయాలు మోస్తయేమో అంటరు.”

“అన్నీ కరిగితే నష్టపోయేటోణ్ని. పొలం ఇయ్యకున్నా పానం ఇచ్చిండు మా బాపు,” అంటూ బాలమల్లు చీకట్లోనే తండ్రికి దండం పెట్టాడు.

రమ్య టార్చి మెల్లగా వెనక్కి తిప్పింది.

“కదలకు బాపూ. నాకు గూడ జామ వాసన వస్తున్నది. మన ఎనుక నుంచి.”