ఊయల మీద ఫిర్యాదు

సామర్లకోటలో ఇంటింటికీ సర్వర్ పెట్టె వచ్చి పన్నెండేళ్లయింది. పెట్టె వేడి, చప్పుడు, అదురు సెకనుకోసారి డేటాబేసులో చేరతాయి. పదేళ్లు దాటిన వివరాలను ఏడాదికోసారి రోజుకో సగటుగా కుదించి, మిగతావి చెరిపేస్తారు.

సోమవారం కోటిలింగం ఆ వివరాలు దాచే కార్యాలయానికి వెళ్లాడు. తన ఇంట్లో పెట్టె బిగించిన దూలానికే అతను పదేళ్ల కిందట మనవరాలి ఊయల కట్టాడు. ఊపిన ప్రతిసారీ పెట్టె అదురు నమోదైంది. ఆ నెలల వివరాలు మర్నాడు సగటు కాబోతున్నాయి.

“సగటులో ఏం మిగులుద్దమ్మా?” అని అడిగాడు.

“రోజుకో అంకె, బాబాయిగారూ,” అంది ఉద్యోగిని ప్రవల్లిక.

“మా ఆవిడ ఊపితే నెమ్మది, నేనూపితే దడదడ. పెట్టె తెర మీద ఆ గీతలు చూస్తే ఇప్పటికీ తేడా తెలిసిపోద్ది. అది పోతే ఇంటికి రావద్దంది.”

ఫిర్యాదు విచారణలో ఉన్న వివరాలను కుదించకూడదని నిబంధన ఉంది. ప్రవల్లిక ఫిర్యాదు ఫారం తెరిచింది.

“ఏమని రాయమంటారు?”

“మనవరాలు నిద్రపోకుండా పెట్టెను అదరగొట్టిందని రాయమ్మా.”

“విచారణకి నేనే వస్తానండి. ఎప్పటికి తేలుద్దో చెప్పలేను.”

“తొందరేం లేదు. వచ్చినప్పుడల్లా పెసరట్టు తినెళ్దువుగాని.”