నాలుగో సర్వరు

అత్తగారి గుండె మాత్రల పెట్టె తెరుచుకోకుండా "ఈమె మరణించారు" అని పలకడంతో హైమావతి చేతిలోని కాఫీ ఒలికిపోయింది.

"నేను పోతే ఆ కాఫీ ఎవరికే?" అంది అచ్చమాంబ ఆయాసపడుతూనే.

మనిషి బతికే ఉన్నట్టు, జనన మరణాల వివరాలు దాచే నాలుగు కంప్యూటర్ సర్వర్లూ ఒప్పుకుంటేనే ఏ ఇంట్లోనైనా మందుల పెట్టె తెరుచుకుంటుంది. వాటిని పరీక్షించే ఉద్యోగం హైమావతి భర్త ఫణీంద్రది. అతను గబగబా అడిగి చూశాడు. మూడు సర్వర్లు ఆమె బతికే ఉందన్నాయి. నాలుగోది లేదంది.

హైమావతి ఆగలేదు. పచ్చడిబండతో పెట్టె పగలగొట్టి, మాత్ర అత్తగారి నాలుక కింద పెట్టింది. ఆయాసం తగ్గాక భర్త వైపు తిరిగింది.

"ఎవరండీ ఈ పని చేసింది?"

"నేనే హైమా. సర్వర్లన్నీ ఒకే జవాబిస్తాయో లేదో చూడ్డానికి పరీక్ష కోసం పెట్టిన నకలు సర్వర్లలో ఉత్తుత్తి చావొకటి రాయాలి. అలాంటప్పుడు మేమంతా ఇంట్లోవాళ్ల పేర్లే వాడేస్తాం. అమ్మ పేరు రాశాను. నకలు అనుకున్నవాటిలో ఒకటి నిజంగా వాడే అసలు సర్వరని చూసుకోలేదు."