యూనిఫామ్ కోత

“నీ వీసాకి స్పాన్సర్‌షిప్ కాగితాలు ఇవాళే వేసేద్దాం. లెవీ మాత్రం నువ్వే పెట్టుకోవాలి చెల్లెమ్మా,” అన్నాడు శేషగిరి.

సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో ఉన్న అతని వెల్డింగ్ షాపులో జీతాల లెక్కలు చూసేది శ్యామసుందరి.

“అది ఓనర్ కట్టేది కదన్నా? ఇక్కడి అప్రెంటిస్‌ల ట్రైనింగ్ కోసం గవర్నమెంట్ మీ దగ్గర తీసుకునేది. మా దగ్గర వసూలు చెయ్యకూడదు.”

“రూల్స్ నాకు చెప్తావా? మన వెల్డర్ వంశీకి ఏం చేశాం? లెవీ డబ్బుల్నే యూనిఫామ్ అని రాసి, వారం వారం జీతంలో నువ్వే కోశావుగా. నీదీ అంతే.”

“వచ్చే నెలతో నా వీసా అయిపోతోందన్నా...”

“అందుకే చెప్తున్నా. అందరూ కట్టేదే చెల్లెమ్మా.”

శ్యామసుందరి ఉలిక్కిపడింది. నిరుడు మొదటి పే స్లిప్ పట్టుకొచ్చి, “ఇవ్వని యూనిఫామ్‌కి డబ్బులేంటక్కా?” అని అడిగిన వంశీకి తను చెప్పింది సరిగ్గా ఇదే. “అందరూ కట్టేదే తమ్ముడూ.” అతను అక్క చెప్పింది కదా అని నమ్మాడు.

ఆమె లేచి షెడ్డులోకి నడిచింది. నిప్పురవ్వలకి చిల్లులు పడ్డ సొంత చొక్కాతో వంశీ గేటు అతుకుతున్నాడు.

“వంశీ, నీ పాత పే స్లిప్పులన్నీ ఉన్నాయా?”

అతను మొహం మీది మాస్క్ పైకెత్తాడు.

“ఉన్నాయక్కా. మళ్లీ ఏమన్నా కట్టాలా?”