తాళం వేశానంటావా?

బస్టాపుకి చేరామో లేదో, అనుమానం మళ్ళీ పురుగులా తొలవడం మొదలుపెట్టింది.

“తాళం వేశానంటావా?”

“వేశారు. గుంజి కూడా చూశారు. ఇంకాసేపుంటే దానికి వేలాడేవారు,” అంది మా ఆవిడ. “అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా?”

నాకు ఒళ్ళు మండింది. “నువ్వు మాత్రం తక్కువా? పొద్దున వాడిన సబ్బు సాయంత్రానికీ తడిగానే ఉంటుంది. మనం వచ్చేసరికి పాలగిన్నె సగానికి దిగుతుంది. దువ్వెన ఒకచోట పెడితే ఇంకోచోట తేలుతుంది. ఇల్లు చూసుకోవడం ఇలాగేనా?”

“ఇంట్లో ఉండేది మనిద్దరమే. పాలు తాగేది మీరు, దువ్వెన పారేసేది మీరు. నింద నాకా? ముందు వెళ్ళి ఆ తాళం చూసుకుని రండి. నేనిక్కడే ఉంటాను.”

పరుగున వెనక్కి వెళ్ళాను. తాళంకప్ప బుద్ధిగా వేలాడుతోంది. అయినా మనసొప్పక గుంజాను. మళ్ళీ గుంజాను. తలుపు గడగడలాడింది.

లోపలి నుంచి ఎవరో విసుగ్గా అన్నారు:

“వేశారులెండి బావగారూ! రోజూ ఇదే గోల. ఇక వెళ్ళండి, పాపం అక్క ఎండలో నిలబడి ఉంటుంది.”